పీపీ ఆఫీసుకు రెండు తలుపులు, రోస్టర్ ఒకదానికే

కొన్నేళ్ల కిందటి మాట. ఒక సెషన్స్ కోర్టులో నా కేసు పిలిచేదాకా వెనక బెంచీలో కూర్చుని ఉన్నాను. బోనులో ఒక సుగాలి అవ్వ. తండా నుంచి చీకటితోనే బస్సెక్కి వచ్చిందట, సద్దిమూట బోను కడ్డీ మీద పెట్టి రెండు చేతులతో గట్టిగా పట్టుకుని నిలబడింది. పీపీ గారు, అంటే ప్రభుత్వం తరఫున కేసు నడిపే పబ్లిక్ ప్రాసిక్యూటర్, అడిగారు: "ఘటన సమయంలో ముద్దాయి మీ సమక్షంలో మృతుడిపై దాడి చేసినాడా?" అవ్వకు అర్థం కాలేదు. "ఏమి సామీ?" అంది. ఆయన అదే ప్రశ్న మళ్లీ వేశారు, ఈసారి గట్టిగా. ఆమె కాసేపు ఆలోచించి "నేను ఇంట్లో ఉంటి" అంది. ఆ మాట రికార్డుకెక్కింది. తర్వాత ఆమె ఇంకేదో చెప్పబోయింది, సగం తెలుగు, సగం లంబాడీ, చేత్తో వాకిలి చూపిస్తున్నట్టు ఊపుతూ. నా పక్కన కూర్చున్న జూనియర్, ఆ అమ్మాయిది కూడా తండానే, నా చెవిలో అనింది: "అక్కా, గలాటా మొదలైనప్పుడు ఇంట్లో ఉన్నా, అరుపులు విని బయటికొచ్చి చూసినా అంటాంది."

అప్పటికే పీపీ గారు సాక్షిని హాస్టైల్‌గా, అంటే ప్రాసిక్యూషన్‌కు ఎదురు తిరిగిన సాక్షిగా, ప్రకటించమని కోర్టును అడిగేశారు. ఆ కేసులో మాకు వకాలత్ లేదు, లేచి చెప్పే వీలు లేదు.

ఆ పీపీ గారు చెడ్డవారేం కాదు. ఫైలు చదువుకుని వచ్చే మనిషే. సాక్షి తన భాషలో చెబితే ఆ భాషలో రాసుకునే వీలు, దుబాసీని పెట్టుకునే వీలు చట్టంలో ఉన్నాయి, కానీ ఆమెకు తెలుగు సరిగా రావడం లేదని ఎవరో ఒకరికి తట్టాలి కదా. కోర్టు హాల్లో ఆ రోజు అది తట్టిన మనిషి నా పక్కన కూర్చున్న పిల్ల ఒక్కతే. ఆ పిల్ల ఏదో ఒకరోజు ఆ పీపీ కుర్చీలో కూర్చోవాలంటే దారి ఏమిటి, ఆ దారిలో ఎక్కడెక్కడ అడ్డు తగులుతుంది అన్నదే ఈ వ్యాసం. అనంతపురం, కర్నూలు, కడప బార్‌లలో, అంటే వకీళ్ల సంఘాల్లో, తిరిగేవాళ్లకు ఇందులో సగం తెలిసిందే. బయటివాళ్లకు మాత్రం ఇదంతా చీకటి గది.

ముందు ఒక అపోహ తీసేద్దాం. పీపీ అంటే పోలీసుల వకీలు అని చాలామంది అనుకుంటారు. కాదు. పోలీసులు కేసు కట్టి, దర్యాప్తు చేసి, చార్జిషీటు వేస్తారు, అక్కడితో వాళ్ల ముఖ్యమైన పని అయిపోతుంది. ఆ తర్వాత కోర్టులో ప్రభుత్వం తరఫున, అంటే మనందరి తరఫున నిలబడేది ప్రాసిక్యూటర్. 1995లో ఎస్.బి. షహానే కేసులో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది: ఏపీపీలు, అంటే కింది కోర్టుల్లో ఉండే అసిస్టెంట్ ప్రాసిక్యూటర్లు, పోలీసు శాఖ చేతి కింద ఉండకూడదు, వాళ్లకు వేరే ప్రాసిక్యూషన్ శాఖ ఉండాలి అని. ఈ మనిషి చేతిలో ఎంత విచక్షణ ఉంటుందో చూడండి. చార్జిషీటులో ఎల్‌డబ్ల్యూ 1 నుంచి ఎల్‌డబ్ల్యూ 20 దాకా, అంటే జాబితాలో ఇరవైమంది సాక్షులు ఉంటే, వాళ్లలో ఎవరిని బోనెక్కించాలి, ఎవరిని గివప్ చేయాలి, అంటే వదిలేయాలి, అన్నది ఆయనే తేల్చుకుంటాడు. బెయిల్ పిటిషన్ వస్తే గట్టిగా వ్యతిరేకించాలా, కోర్టు విజ్ఞతకే వదిలేయాలా అన్నదీ ఆయనే. కేసు ఉపసంహరించుకోవాలని ప్రభుత్వం అనుకున్నా కోర్టు ముందు ఆ అర్జీ వేయాల్సింది ప్రాసిక్యూటరే, అదీ తన సొంత బుద్ధితో ఆలోచించి వేయాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 360వ సెక్షన్‌లో ఇంకో మాట చేర్చారు, ఉపసంహరణకు ఒప్పుకునే ముందు బాధితుల వాదన కోర్టు వినాలని. ఇన్ని నిర్ణయాలు తీసుకునే ఆఫీసులో అందరూ ఒకే రకం ఇళ్ల నుంచి, ఒకే రకం వీధుల నుంచి వచ్చినవాళ్లైతే, వాళ్లకు నమ్మబుద్ధేసే సాక్షి ఒక రకంగా ఉంటాడు, అనుమానం కలిగే సాక్షి ఇంకో రకంగా ఉంటాడు. ఇది ఎవరి దుర్మార్గమూ కాదు. చూసిన బతుకుల్ని బట్టే మనిషికి చూపు వస్తుంది.

ఇక తలుపుల సంగతి.

మొదటి తలుపు ఏపీపీ. అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్, మేజిస్ట్రేట్ కోర్టుల్లో ఉండే మనిషి. మన రాష్ట్రంలో ఈ పోస్టులను పోలీసు నియామక మండలి నోటిఫికేషన్ ఇచ్చి నింపుతుంది. లా డిగ్రీ, మూడేళ్ల ప్రాక్టీసు, రాత పరీక్ష, ఇంటర్వ్యూ. మామూలు ప్రభుత్వ ఉద్యోగం కాబట్టి రిజర్వేషన్లన్నీ వర్తిస్తాయి: ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 6, బీసీలకు అన్ని గ్రూపులూ కలిపి 29, ఈడబ్ల్యూఎస్‌కు 10. వీటికి అడ్డంగా, అంటే ప్రతి వర్గం లోపలా, మహిళలకు మూడో వంతు, వికలాంగులకు 4 శాతం. ఈ నిలువు, అడ్డం లెక్క చాలామందిని తికమక పెడుతుంది. ఎస్సీ, బీసీ అన్నవి నిలువు గళ్లు. మహిళ అన్నది ఆ గళ్లన్నింటినీ కోసుకుంటూ పోయే అడ్డగీత. బీసీ అమ్మాయికి ఓపెన్‌లో వచ్చేంత మార్కులు వస్తే ఆమెను ఓపెన్‌లోనే తీసుకోవాలి, ఓపెన్‌లో ఉన్న మహిళా పోస్టు ఏ కులానిదీ కాదు, అందరిదీ. 2020లో సౌరవ్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే. మార్కులు వచ్చి కూడా "నీది రిజర్వుడు కోటా కదమ్మా, అక్కడే చూసుకో" అనిపించుకున్న పిల్లలకు ఈ తీర్పు చేతికర్ర.

అయితే ఈ తలుపు తెరుచుకునేదే అరుదు, తెరుచుకున్నా సందు చిన్నది. 2025లో వచ్చిన నోటిఫికేషన్‌లో పోస్టులు 42. రాష్ట్రం మొత్తానికి. ఉత్త శాతాల లెక్క వేసి చూస్తే ఎస్టీలకు రెండున్నర, ఎస్సీలకు ఆరు చిల్లర. అదే ఏడాది ఎస్సీ 15 శాతాన్ని మన రాష్ట్రం మూడు గ్రూపులు చేసింది, 1, 6.5, 7.5 చొప్పున. 42 పోస్టుల్లో ఒక శాతం అంటే సగం పోస్టు కూడా రాదు. అసలు రోస్టర్, అంటే ఏ పోస్టు ఏ వర్గానికో తేల్చే జాబితా, శాతాల మీద కాదు, పాయింట్ల వరుస మీద నడుస్తుంది, ఈ నోటిఫికేషన్‌లో ఎక్కడ ఆగితే వచ్చే నోటిఫికేషన్ అక్కడి నుంచి మొదలవుతుంది. కాబట్టి నోటిఫికేషన్ ఐదారేళ్లకోసారి వస్తే, వరుసలో వెనకున్న పాయింటు వాళ్ల వంతు వచ్చేసరికి వయసు దాటిపోతుంది. రిజర్వేషన్ శాతం ఎంత అని కొట్లాడుకుంటాం గానీ, నోటిఫికేషన్ ఎన్నేళ్లకు ఒకసారి వస్తోందని అడగం. నా మటుకు నాకు రెండోదే పెద్ద ప్రశ్న.

రెండో తలుపు పీపీ, అడిషనల్ పీపీ. సెషన్స్ కోర్టులు. హత్య, అత్యాచారం, ఫ్యాక్షన్ కేసు, అట్రాసిటీ కేసు (ఎస్సీ, ఎస్టీల మీద దౌర్జన్యాల కేసు), అన్నీ నడిచేది ఇక్కడే. ఏపీపీగా చేరినవాళ్లు పదోన్నతి మీద ఇక్కడికి రావడం ఒక దారి. ఇంకో దారి బార్ నుంచి నేరుగా రావడం, సాధారణంగా మూడేళ్ల కాలానికి. ఈ రెండో దారి ఎలా నడుస్తుందో పాత సీఆర్‌పీసీ 24వ సెక్షన్‌లో ఉండేది, 2024 జూలై 1 నుంచి బీఎన్ఎస్ఎస్ 18వ సెక్షన్. జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టర్, సెషన్స్ జడ్జిని సంప్రదించి, తన దృష్టిలో యోగ్యులైన వాళ్ల పేర్లతో ఒక ప్యానెల్ తయారు చేయాలి. ఆ ప్యానెల్‌లో లేనివాళ్లను ప్రభుత్వం నియమించకూడదు. ఏడేళ్లు అడ్వొకేటుగా ప్రాక్టీసు ఉండాలి. అంతే. ఆ సెక్షన్ ఎన్నిసార్లు చదివినా పరీక్ష అనే మాట కనపడదు, ప్రకటన అనే మాట కనపడదు, మహిళలు, ఎస్సీలు, ఎస్టీలు, బీసీలు అనే మాటా కనపడదు. చిన్న దొంగతనం కేసు చూసే మనిషిని తీసుకోవడానికి పరీక్ష, రోస్టర్, ఇంటర్వ్యూ. ఉరిశిక్ష పడే కేసు నడిపే మనిషికి మాత్రం "యోగ్యుడు" అన్న ఒక్క మాట. ఈ తేడా నన్ను చాలా ఏళ్లుగా బాధపెడుతోంది.

మరి ఆ ప్యానెల్‌లోకి పేరు ఎలా ఎక్కుతుంది? బార్‌లో ఎవరినైనా అడగండి, చెబుతారు. ప్రభుత్వం మారినప్పుడు కోర్టు క్యాంటీన్‌లో జరిగే మొదటి చర్చ కొత్త పీపీ ఎవరన్నదే. ఏ నాయకుడి దగ్గర ఎవరికి మాట చెల్లుతుంది, ఎవరు ఎన్నికల్లో ఏజెంటుగా కూర్చున్నారు అన్న లెక్కలు మొదలవుతాయి. ఏ పార్టీ ఉన్నా ఇదే తంతు కాబట్టి ఒక పార్టీని అనడం లేదు. దేశమంతా ఇలాగే ఉంది కూడా. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 1990లో ఒక్క సర్క్యులర్‌తో రాష్ట్రంలోని జిల్లా ప్రభుత్వ న్యాయవాదులందరినీ తీసేస్తే, శ్రీలేఖా విద్యార్థి కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, ఇది నాయకుడు తన ఇష్టం వచ్చినట్టు పెట్టుకుని తీసేసే పని కాదు, ప్రజలకు సంబంధించిన పదవి అని. 2016లో పంజాబ్ నుంచి వచ్చిన బ్రిజేశ్వర్ సింగ్ చాహల్ కేసులో ఇంకో అడుగు ముందుకేసి, ప్రభుత్వ న్యాయవాదుల ఎంపిక పారదర్శకంగా, అర్హతను తూచి జరగాలని చెప్పింది. తీర్పులు ఉన్నాయి. కానీ తీర్పు కలెక్టరాఫీసు టేబుల్ మీదికి తనంతట తాను నడిచి రాదు.

మన సీమలో ఈ వ్యవహారానికి ఇంకో పొర ఉంది, ఫ్యాక్షన్. ఇప్పుడు బాగా తగ్గిందంటారు, తగ్గింది కూడా, కానీ పాత కేసులు, పాత పగలు, పాత చుట్టరికాలు కోర్టుల్లో ఇంకా మిగిలే ఉన్నాయి. రెండు వర్గాలకూ ఊళ్లో మనుషులు ఉన్నట్టే బార్‌లోనూ వకీళ్లు ఉంటారు. సాక్షి బోనెక్కేముందు చూసేది జడ్జిని కాదు, పీపీని. "ఈయన ఎవురి మనిషి?" అని. ఎదుటి వర్గానికి కావాల్సినవాడని అనుమానం వస్తే చాలు, "నాకేం తెలీదు సారూ, పోలీసులు సంతకం పెట్టమంటే పెట్టినా" అని దిగిపోతాడు. పీపీ నిజంగా ఎంత నిజాయితీపరుడైనా సరే. కాబట్టి రెండు మూడు పెద్ద కులాల నుంచి, రెండు మూడు పెద్ద ఆఫీసుల నుంచి మాత్రమే పీపీలు వచ్చే చోట, వైవిధ్యం అన్నది ఎవరికో చేసే ఉపకారం కాదు. సాక్షి నోరు విప్పాలంటే అది కావాలి.

భాష సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మడకశిర, రాయదుర్గం, ఇటు ఆదోని, ఆలూరు వైపు ఎంతోమంది ఇంట్లో కన్నడం మాట్లాడతారు. కర్నూలు, కడప పాతబస్తీల్లో ఉర్దూ. తండాల్లో లంబాడీ. నల్లమల అంచున చెంచులు. కన్నడ సరిహద్దు ఊళ్లలో బసివి, జోగిని ఆచారానికి, అంటే దేవుడి పేరు చెప్పి, ఆడపిల్లల్ని వదిలేసిన చరిత్ర ఉంది, దాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది. అలాంటి ఒక కేసులో ఆ పిల్ల తల్లి ఎందుకు నోరు మెదపడం లేదో, ఆ మౌనంలో భయం ఎంత, సిగ్గు ఎంత, ఊరి కట్టుబాటు ఎంత అన్నది ఆ చుట్టుపక్కల పుట్టి పెరిగిన మనిషి ఐదు నిమిషాల్లో పసిగడుతుంది. మనలాంటివాళ్లం పుస్తకం చదివి తెలుసుకోవాలి, చదవకపోతే అదీ లేదు.

సరే, రెండో తలుపుకు రేపు రోస్టర్ పెట్టేశారనుకుందాం. ఏడేళ్లు ప్రాక్టీసు చేసిన ఎస్టీ మహిళా వకీలు జిల్లాలో ఎంతమంది మిగిలి ఉంటారు? అసలు వడపోత జరిగేది ఇక్కడ. లా చదవడం ఇప్పుడు కష్టం కాదు, కాలేజీలు ఉన్నాయి, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. చదువు అయ్యాక సీనియర్ ఆఫీసులో చేరతారు చూడండి, అక్కడి నుంచి మూడు నాలుగేళ్లు చేతికి డబ్బు రాదు. జిరాక్సులకు, బస్సుకు, టీకి సీనియర్ ఇచ్చిందే జీతం. 2024 అక్టోబర్‌లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకు నెలకు పట్టణాల్లో 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలకు తగ్గకుండా స్టైపెండ్ ఇవ్వాలని సూచించింది. సూచన మాత్రమే, తప్పనిసరి కాదు. నాన్న వకీలైతే ఈ నాలుగేళ్లు గడిచిపోతాయి, ఆఫీసు, కక్షిదారులు, పుస్తకాలు అన్నీ వారసత్వంగా వస్తాయి. నాన్న హమాలీ అయితే? నేను చేరిన కొత్తలో ఒక సీనియర్ నన్ను క్రాస్ నోట్స్, అంటే ఎదుటి సాక్షిని అడగాల్సిన ప్రశ్నలు, రాయమనేవారు, కోర్టులో లేచి మాట్లాడే అవకాశం మాత్రం మగ జూనియర్లకు. "నీకెందుకమ్మా క్రిమినల్ సైడు, ఫ్యామిలీ కేసులు చూసుకో" అనేవారు, ప్రేమగానే. ఆ ప్రేమ వల్ల ఎంతమంది ఆడవాళ్లు సెషన్స్ ట్రయల్ అనుభవం లేకుండా పదేళ్లు గడిపేశారో నేను చూశాను. తర్వాత ప్యానెల్ వేసేటప్పుడు "క్రిమినల్ సైడు అనుభవం ఉన్న మహిళలు దొరకడం లేదు" అంటారు.

అర్హత నిబంధనలు పైకి అందరికీ ఒకటే అనిపిస్తాయి గానీ ఎవరిని బయట ఉంచుతాయో చూడాలి. పంజాబ్‌లో అడ్వొకేట్ జనరల్ ఆఫీసులో ఎస్సీలకు 58 పోస్టులు కేటాయించారు. అయితే దరఖాస్తుకు ఏటా ఇంత ఆదాయం ఉండాలన్న షరతు ఉంది, వకీలుకు బాగా కేసులున్నాయనడానికి అదొక గుర్తు అనుకుని పెట్టింది. ఫలితంగా కొన్ని పోస్టులు ఖాళీగా మిగిలాయి. చివరికి 2025లో ఎస్సీ అభ్యర్థులకు ఆ ఆదాయ పరిమితిని సగానికి తగ్గించారు. కక్షిదారుడు డబ్బివ్వలేని పేదవాడైతే ఆ వకీలు ఆదాయం తక్కువే ఉంటుంది, పనితనం తక్కువని కాదు. కళ్లు కనపడని వాళ్లు జడ్జి పోస్టులకు పనికిరారన్న మధ్యప్రదేశ్ నిబంధనను సుప్రీంకోర్టు 2025 మార్చిలో కొట్టేసింది కూడా ఇలాంటి ఆలోచనతోనే. జడ్జికి అడ్డు కానిది ప్రాసిక్యూటర్‌కు ఎలా అడ్డవుతుంది?

ఇక్కడ ఎప్పుడూ వచ్చే మాట ఒకటుంది, మెరిట్ ఏమైపోవాలి అని. ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసిపారేయను. పీపీ తప్పు చేస్తే హంతకుడు బయటికొస్తాడు, లేదా ఏ పాపం తెలియనివాడు లోపలికి పోతాడు. పనితనం కావాల్సిందే. కానీ రెండో తలుపు దగ్గర ఇప్పుడు మెరిట్‌ను తూచే తక్కెడ ఎక్కడుంది? పరీక్ష లేదు, నడిపిన కేసుల లెక్క బయటపెట్టేది లేదు. ఎవరు ఎన్ని సెషన్స్ కేసులు నడిపారు, వాదనలు ఎలా రాశారు అని చూసి ప్యానెల్ వేయండి, నేను మొదట చప్పట్లు కొడతాను. అలా చూస్తే ఇన్నాళ్లూ కనపడని పేర్లు చాలా పైకి వస్తాయి. మన కర్నూలు పక్కన పెద్దపాడులో నిరుపేద దళిత కుటుంబంలో పుట్టిన దామోదరం సంజీవయ్య గారు అనంతపురంలో డిగ్రీ, మద్రాసులో లా చదివి, 1960లో ఈ రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు, దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి. ఆడవాళ్లకు వకాలత్ చేసే హక్కు దేశంలో 1923 చట్టంతో వచ్చింది, ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు తొలి మహిళా జడ్జిగా జస్టిస్ అమరేశ్వరి గారు వచ్చింది 1978లో. తలుపు తెరిచాక అంతటివాళ్లు వచ్చారు. తెరవడానికే 55 ఏళ్లు పట్టింది.

ఇంకో తప్పుదారి గురించి కూడా చెప్పాలి, మంచి ఉద్దేశంతో చేసే తప్పు. మహిళా ప్రాసిక్యూటర్ వస్తే నేరుగా పిల్లలపై లైంగిక నేరాలు చూసే పోక్సో కోర్టుకు, ఎస్సీ ప్రాసిక్యూటర్ అయితే అట్రాసిటీ కోర్టుకు అని అనుకోవడం. పోక్సో చట్టం 32వ సెక్షన్ కింద, ఎస్సీ, ఎస్టీ చట్టం 15వ సెక్షన్ కింద స్పెషల్ పీపీలను పెడతారు, అక్కడ ఇలాంటివాళ్లు కావాలి, నిజమే. అట్రాసిటీ కేసుల్లో బాధితులు కోరితే పేరున్న సీనియర్ అడ్వొకేటును పెట్టమనే వీలు 1995 రూల్స్‌లో నాలుగో రూల్ ఇస్తోంది, ఈ సంగతి బాధితుల్లో చాలామందికి తెలియదు. కానీ ఆ ప్రాసిక్యూటర్లను అక్కడికే కట్టేస్తే హత్య కేసులు, ఆర్థిక నేరాల కేసులు, పేరు తెచ్చే కేసులన్నీ మళ్లీ పాత చేతుల్లోనే ఉంటాయి. పైగా రోజూ పసిపిల్లల మీద జరిగిన ఘోరాలే వింటూ ఏళ్ల తరబడి అదే కోర్టులో ఉండటం మనిషిని లోపల నుంచి తినేస్తుంది. మార్పిడి ఉండాలి.

జిల్లాలో రేపే చేయగలిగింది ఏమిటి అని అడిగితే, చట్టం మార్చాల్సిన పని కూడా లేదు. పేర్లు పంపే ముందు కలెక్టర్ గారు బార్ అసోసియేషన్లకు, తాలూకా కోర్టుల బార్‌లకు కూడా, ఒక నోటీసు పంపి దరఖాస్తులు పిలవొచ్చు, వద్దనే సెక్షన్ ఏదీ లేదు. కదిరిలోనో పత్తికొండలోనో ప్రాక్టీసు చేసే మనిషికి ప్యానెల్ వేస్తున్నారన్న కబురే అందదు, జిల్లా కేంద్రంలో ఉన్నవాళ్లకు ముందే తెలిసిపోతుంది. నడిపిన కేసుల జాబితా అడగొచ్చు. తీసుకున్నవాళ్లను మూడు నెలలు మంచి ప్రాసిక్యూటర్ పక్కన కూర్చోబెట్టి నేర్పించొచ్చు. కోర్టు ఆవరణలో పాలిచ్చే తల్లికి ఒక గది, మెట్లు ఎక్కలేనివాళ్లకు ర్యాంపు, ఇవి చిన్నవిగా కనపడతాయి గానీ కొంతమంది వకాలత్ కొనసాగించాలా మానేయాలా అన్నది వీటి మీదే తేలుతుంది.

ఇవేవీ జరగకపోతే అడగడానికి ఒక దారి ఉంది. కలెక్టర్ కార్యాలయం పౌర సమాచార అధికారికి ఒక తెల్లకాగితం మీద రాయండి: గత పదేళ్లలో పీపీ, అడిషనల్ పీపీ పోస్టులకు ఎన్ని ప్యానెళ్లు పంపారు, ఒక్కో ప్యానెల్‌లో ఎన్ని పేర్లు, వాటిలో మహిళలు ఎందరు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలు ఎందరు, దరఖాస్తులు పిలుస్తూ నోటీసు ఇచ్చారా, ఇస్తే దాని నకలు. రుసుము పది రూపాయలు, జవాబు ఇవ్వాల్సిన గడువు 30 రోజులు. బోనులో అవ్వ మాట ఆ రోజు అర్థమైన ఆ జూనియర్‌కు ఇప్పుడు ఆరేళ్ల ప్రాక్టీసు. మొన్న ఆ పిల్ల చేతే ఈ దరఖాస్తు రాయించాను.